నిర్వహణ వ్యవస్థ మార్పిడి

కంప్యూటరులో అప్పటికే ఉన్న నిర్వహణ వ్యవస్థను తీసివేసి, దాని తరువాతి వెర్షనును గాని వేరొక వ్యవస్థను గాని స్థాపించుకోవడాన్ని నిర్వహణ వ్యవస్థ మార్పిడి అంటారు. నిర్వహణ వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అనే పేరుతోనే ఎక్కువమంది ఎరుగుదురు. విండోస్, లినక్స్, మాక్ ఓఎస్ దీనికి ఉదాహరణలు. యంత్రంలోని జ్ఞాపకశక్తి, డిస్కు, కీబోర్డు, ప్రింటరు, తెర అన్నీ ఈ వ్యవస్థ అదుపులో పనిచేస్తాయి. తెరపై అక్షరాలు ఎలా కనిపించాలో నిర్ణయించేది కూడా చాలావరకు ఇదే. ఇంగ్లీషు మాత్రమే వాడేవారికి ఈ చివరి విషయం అంతగా పట్టదు. తెలుగు వాడుకరులకు మాత్రం మార్పిడిని గురించిన చర్చ అంతా దాని చుట్టూనే తిరిగింది. ఒకప్పుడు తెలుగు కోసమే విండోస్ మార్చినవారు ఉన్నారు, తెలుగు కోసమే మార్చకుండా ఉండిపోయినవారూ ఉన్నారు. ఈ రెండు పక్షాలకూ తగిన కారణాలే ఉన్నాయి.

తెలుగు కోసం మారినవారు

ప్రపంచ భాషల లిపులన్నిటికీ ఒకే సంకేత పద్ధతిని ఏర్పరచిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వెలువడిన మొదటి వెర్షనులోనే చోటు దొరికింది. భారత ప్రమాణమైన ఇస్కీ ఆధారంగా తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. స్థానాలు కేటాయించినంత మాత్రాన అక్షరాలు తెరపైకి రావు. "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని తీసుకుంటే, యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాల వరుస. ఈ ఆరింటినీ చదివి, తకారాన్ని రకారాన్ని ఒత్తులుగా మార్చి, గుడిదీర్ఘాన్ని సకారంపై నిలిపి, ఒకే రూపంగా చూపించే పని నిర్వహణ వ్యవస్థలోని ఒక భాగానిది. విండోస్‌లో చాలాకాలం ఆ పని చేసినదాని పేరు యూనిస్క్రైబ్.

విండోస్ 98లో తెలుగుకు ఈ ఏర్పాటు లేదు. విండోస్ 2000లో హిందీ, తమిళాలకు వచ్చింది కాని తెలుగుకు రాలేదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లిపి, గౌతమి అనే ఖతి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేరాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఆ తరువాతి సంవత్సరాలలో తెలుగు బ్లాగులు పుట్టుకొచ్చాయి. పాత విండోస్ ఉన్నవారికి ఈ పుటలలో అక్షరాలకు బదులు వరుసగా డబ్బాలు కనిపించేవి. ఎక్స్‌పీ ఉన్నా వెంటనే పని జరిగేది కాదు. కంట్రోల్ పానెల్‌లో ప్రాంతము, భాషల విభాగాన్ని తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళను స్థాపించమనే గడిని ఎంచుకోవాలి, అప్పుడు ఎక్స్‌పీ సీడీని పెట్టమని అడుగుతుంది. సీడీ చేతిలో లేని ఇంటర్నెట్ కేంద్రపు వినియోగదారుకు అంతటితో దారి మూసుకున్నట్లే. ఈ గడిని ఎంచుకోవలసిన అవసరం విస్టాతో తీరిపోయింది.

అప్పటి లెక్క తేలికైనది. విండోస్ 98కు కనీసం 16 మెగాబైట్ల జ్ఞాపకశక్తి చాలు. ఎక్స్‌పీకి కనీసం 64 కావాలి, 128 ఉంటే మంచిదని తయారీదారే చెప్పాడు. పాత యంత్రంలో అదనపు చిప్పు వేయించడమా, కొత్త యంత్రం కొనడమా అన్నదే ప్రశ్న. ప్రతిఫలంగా మాత్రం తెలుగులో చదివే, వ్రాసే, వెతికే వీలు కలిగేది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, 2006లో వీవెన్ తయారుచేసిన లేఖిని అనే ఉపకరణం ఈ మార్పును మరింత సుగమం చేశాయి.

తెలుగు కోసం మారనివారు

హైదరాబాదులో మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న గౌలిగూడ, దానిని ఆనుకొన్న అఫ్జల్‌గంజ్, సుల్తాన్ బజార్, కొంచెం ఎగువన ఉన్న ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు పుస్తకాలకు, అచ్చుపనికి పాతకాలం నుండి నెలవులు. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నాయి. నది దాటితే పెళ్ళి శుభలేఖలకు పేరుపడిన ఛత్తాబజారు. సీసపు అక్షరాలు పోయి డీటీపీ వచ్చిన తరువాత ఇటువంటి ప్రాంతాలలో శుభలేఖ మొదలు సిద్ధాంత గ్రంథం దాకా తెలుగు అచ్చుపని దాదాపుగా ఒకే జోడీపై నడిచింది. పేజీ కూర్పునకు పేజ్‌మేకర్, అక్షరాలకు అను ఖతులు. ఇతర సంస్థల ఖతులు వాడినవారూ ఉన్నారు కాని పద్ధతి ఒక్కటే.

ఆ పద్ధతిని కొంత వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే చిక్కు అంతా అక్కడే ఉన్నది. ఈ ఖతులలో తెలుగు అక్షరానికి స్వంత సంకేతం లేదు. తలకట్టు, కొమ్ము, ఒత్తు, గుడి వంటి ముక్కలను విడదీసి, వాటిని రోమను అక్షరాలు, విరామ చిహ్నాలు ఉండే స్థానాలలో పెట్టారు. కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో ఉన్నది రోమను అక్షరాల, గుర్తుల గందరగోళం మాత్రమే. ఖతి తొడిగితేనే అది తెలుగుగా కనిపిస్తుంది, ఖతి తీసివేస్తే ఎవరికీ అర్థం కాదు. కీబోర్డుకు, పేజ్‌మేకరుకు మధ్య ఒక చిన్న ప్రోగ్రాము నిలిచి, నొక్కిన మీటను తగిన ముక్కగా మార్చి అందిస్తుంది. ఆపరేటర్లు దానికి అలవాటుపడిన మీటల అమరికతో తెర వంక చూడకుండా పుటలకు పుటలు కొట్టగలిగేవారు. నిర్వహణ వ్యవస్థ నుండి ఈ పద్ధతి కోరేది చాలా తక్కువ. యూనిస్క్రైబ్ ఉన్నా లేకున్నా దీనికి ఒక్కటే. అందుచేతనే ఇది విండోస్ 95 కాలంలోనే చక్కగా పనిచేసింది, కొత్త విండోస్ వచ్చినపుడు దీనికి ఒరిగినదీ ఏమీ లేదు.

ఒరగకపోగా నష్టం కలిగింది. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ సంస్థ నుండి వచ్చి, 1994లో అడోబీ చేతికి మారింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి ప్రధాన వెర్షను. ఎక్స్‌పీ తరువాతి విండోస్‌లను దృష్టిలో పెట్టుకొని దానిని ఎవరూ సవరించలేదు. 1990లలో తయారైన పలు ప్రోగ్రాముల స్థాపక ఫైళ్ళు 16-బిట్‌వి, 64-బిట్ విండోస్ వాటిని నడపదు. కొన్ని భారతీయ భాషల పాకేజీలు యంత్రానికి తగిలించే తాళంతో వచ్చేవి, ఆ తాళపు డ్రైవరు కొత్త వ్యవస్థకు సరిపడకపోతే డబ్బు పెట్టి కొన్న పాకేజీయే తెరుచుకోదు. ఎక్స్‌పీ యంత్రాన్ని కదపడానికి డీటీపీ కేంద్రాలవారు వెనుకాడటానికి ఇవి చాలు. ఇది పాతదనంపై మమకారమని బయటివారు అంటారు గాని, చేతిలో ఉన్న పని, ఎదుట నిలుచున్న ఖాతాదారు, ఇరవై ఏళ్ళ ఫైళ్ళు చూసుకొన్నవారు తీసుకొనే నిర్ణయం వేరుగా ఉండే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవచ్చును. ఆబిడ్స్‌లో ఆదివారంనాడు కాలిబాటపై పరిచే పాత పుస్తకాలలో 1960లనాటి తెలుగు పుస్తకం దొరికితే ఇంటికి తెచ్చి చదువుకోవచ్చు. అదే పుస్తకాన్ని 1998లో తిరిగి కంపోజు చేసి ఫ్లాపీలో దాచి ఉంటే, దానిని తెరవడానికి ఫ్లాపీ డ్రైవు, పేజ్‌మేకర్, సరియైన వెర్షను ఖతి, వీటన్నిటినీ మోసే విండోస్ కావాలి. ప్రచురణకర్తకు పునర్ముద్రణ అవసరమైనపుడు మళ్ళీ మొదటినుండి టైపు చేయించడమే చౌక అనిపించే సందర్భాలు ఉంటాయి.

మారకపోవడంలోని ప్రమాదం

విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. యంత్రం మరునాడు కూడా మామూలుగానే పనిచేసింది కనుక చాలామంది దీనిని పట్టించుకోలేదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దురుద్దేశపు ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్టు అప్పుడు తన నియమాన్ని పక్కనపెట్టి ఎక్స్‌పీకి కూడా సవరణ విడుదల చేసింది. దీని బారిన పడినవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు, వాటికి అవసరమైన సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చి ఉన్నది. కొత్త వ్యవస్థ ఉన్నంత మాత్రాన సరిపోదు, వచ్చిన సవరణలను స్థాపించుకోవాలి.

డీటీపీ కేంద్రానికి ఈ ప్రమాదం మామూలు ఇంటి కంటే ఎక్కువ. రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవులు ఆ యంత్రానికి తగిలిస్తారు. ఇంటర్నెట్ తీగ పీకివేస్తే భయం లేదని అనుకోవడం సగమే నిజం, వైరసులు పెన్‌డ్రైవు ద్వారా కూడా వస్తాయి.

2020 జనవరి 14న విండోస్ 7కు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి ఇదే విధంగా సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 10 విషయంలో ఒక విశేషం ఉన్నది. అది 32-బిట్ రూపంలో కూడా లభించేది, కనుక 16-బిట్ ప్రోగ్రాములకు అదే చివరి ఆశ్రయం. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కేవలం 64-బిట్. దానికి 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, తయారీదారు జాబితాలోని ప్రాసెసరు కావాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా ఈ చివరి రెండు నిబంధనల వద్ద ఆగిపోతున్నాయి.

నిర్ణయించుకొనే విధానం

వేగం, కొత్త అందచందాలు మార్పిడికి బలమైన కారణాలు కావు. పాత యంత్రంపై కొత్త వ్యవస్థ సాధారణంగా నెమ్మదిగానే నడుస్తుంది. 2007 జనవరిలో విస్టా కొన్నవారిలో అనేకులు తిరిగి ఎక్స్‌పీకి వెళ్ళారు. మొదట అడగవలసిన ప్రశ్న, ఇప్పుడున్న వ్యవస్థకు భద్రతా సవరణలు ఎప్పటివరకు వస్తాయన్నది. ఆ తేదీ దూరంగా ఉంటే తొందర లేదు. దాటిపోయి ఉంటే, ఇంటర్నెట్ వాడే యంత్రాన్ని మార్చక తప్పదు.

ఆ తరువాత తనకు నిత్యం అవసరమయ్యే ప్రోగ్రాములను, ప్రింటరు, స్కానర్ల డ్రైవర్లను కాగితంపై వ్రాసుకొని, ఒక్కొక్కటి కొత్త వ్యవస్థలో పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. పాత వ్యవస్థను చెరపకుండా వేరే డిస్కులో కొత్తదానిని పెట్టి నెలరోజులు వాడి చూడటం ఉత్తమం. లినక్స్ అయితే పెన్‌డ్రైవు నుండే నడిపి చూడవచ్చు. ఫైళ్ళ నకలు విడి డిస్కులో తీసుకోకుండా ఈ పని మొదలుపెట్టరాదు, ఖతుల ఫైళ్ళను, ప్రోగ్రాము సీడీలను, తాళపు సంఖ్యలను కూడా ఆ నకలుతో కలిపి దాచాలి. చాలామంది పత్రాలను దాచి ఖతిని మరచిపోతారు. సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన వారంలో విద్యార్థి, పెళ్ళిళ్ళ ముహూర్తాల నెలలో శుభలేఖలవారు ఈ ప్రయోగం చేయకపోవడం మంచిది.

పాత ప్రోగ్రాము తప్పనిసరి అయినవారికి మధ్యేమార్గం ఉన్నది. కొత్త యంత్రంలోపలే వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముతో ఒక ఊహా కంప్యూటరును సృష్టించి, దానిలో ఎక్స్‌పీని స్థాపించి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా పేజ్‌మేకరును నడపవచ్చు. విండోస్ 7లోని కొన్ని రకాలకు మైక్రోసాఫ్టే ఇటువంటి ఏర్పాటును ఎక్స్‌పీ మోడ్ అనే పేరుతో ఇచ్చింది. ఇది బాగానే పనిచేస్తుంది. కాని ఇది వాయిదా వేయడమే, ఆ ఫైళ్ళు ఎప్పటికీ ఆ పెట్టెలోనే ఉండిపోతాయి.

యూనికోడ్‌కు మార్చుకోవడం

కొత్త పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టడానికి ఒకప్పుడు ఉన్న అభ్యంతరాలు ఇప్పుడు తగ్గాయి. అడోబీ ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 వెర్షనుతో భారతీయ లిపులకు ఆదరువు వచ్చింది. స్వేచ్ఛా సాఫ్టువేరైన స్క్రైబస్ 2017 నాటి 1.5.3 నుండి ఒత్తులను సరిగా కూర్చగలుగుతున్నది. గౌతమి ఒక్కటే ఉన్న రోజులు పోయి మండలి, సురవరం, గిడుగు, గురజాడ, రామభద్ర వంటి ఉచిత ఖతులు అనేకం లభిస్తున్నాయి. లినక్స్‌లోనూ పోతన, వేమన, లోహిత్ ఖతులు చాలాకాలంగా ఉన్నాయి, హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఒక లినక్స్ పంపిణీని కూడా రూపొందించింది. అయినా శుభలేఖకు, పోస్టరుకు కావలసిన బొద్దు అక్షరాల వైవిధ్యం అను ఖతులలోనే ఎక్కువని కంపోజింగు చేసేవారి అభిప్రాయం. అది త్రోసివేయదగినది కాదు.

పాత ఫైళ్ళను మార్చడానికి ఖతి పరివర్తకాలు ఉన్నాయి. పత్రికల పాత ఖతుల పుటలను విహరిణిలోనే యూనికోడ్‌గా చూపించిన పద్మ ఈ కోవలో తొలినాటిది. పరివర్తకం ప్రతి ముక్కను గుర్తుపట్టి, ముక్కలను ఉచ్చారణ క్రమంలోకి తిరిగి పేర్చాలి. అక్షరం పక్కన తరువాత వచ్చే ఒత్తు ఏ హల్లుకు చెందినదో తేల్చడంలో, ఒకేరీతిగా కనిపించే ముక్కలను వేరుచేయడంలో పొరపాట్లు దొర్లుతాయి. ఫైలు మధ్యలో ఇంగ్లీషు మాటలు ఉంటే, ఖతి వివరం పోయిన పక్షంలో అవి కూడా తెలుగు ముక్కలుగా మారి అర్థరహితమైన అక్షరాలవుతాయి. పుస్తకాన్ని మార్చినవారు ముందుగా పాత యంత్రంలోనే దానిని పీడీఎఫ్‌గా దాచుకోవాలి, ఖతి అందులోనే ఇమిడిపోతుంది కనుక రూపం చెడదు. ఆ పీడీఎఫ్‌ను అచ్చుతీసి పక్కన పెట్టుకొని, మారిన పాఠాన్ని ఒకరు చదువుతూ ఉంటే మరొకరు సరిచూడాలి.