కంటి క్రింది నలుపు: పూతకు ముందు కారణము

కంటి క్రింద చర్మము నల్లబడి గరుకెక్కినదని నా వద్దకు వచ్చువారిని నేను మొదట అడుగునది ఒక్కటే: "కళ్లు దురద పెట్టుచున్నవా?" పదేపదే కళ్లు నలుపుకొనుట వలననే పెక్కుమందికి ఈ నలుపు ఏర్పడును. నిద్రలేమి, రక్తహీనత, పడని కాటుక కూడా కారణములే. కారణము తొలగనిదే ఏ పూతయు పనిచేయదు.

అచ్చటి చర్మము మిక్కిలి పలుచన. కనుక నిమ్మరసము పూయుట, సున్నిపిండితో రుద్దుట కూడదు. కాచి చల్లార్చిన పాలలో తడిపిన దూదిని మూసిన కళ్లపై 10 నిమిషములు ఉంచవలెను. రాత్రి ఒక్క చుక్క బాదం నూనెను ఉంగరపు వేలితో మెల్లగా అద్దవలెను. గరుకుదనము తగ్గును; వంశపారంపర్యముగా వచ్చిన నలుపు పూర్తిగా పోవునని మాత్రము చెప్పజాలను.

మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ క్రీములు తొలుత గుణమిచ్చినట్లు తోచినను, చర్మమును మరింత పలుచన చేయును. కంటి చుట్టూ దీర్ఘకాలము వాడినచో కంటిలో ఒత్తిడి పెరిగి చూపునకే ముప్పు రావచ్చును. వైద్యుని సలహా లేక వాటిని ముట్టరాదు.