తెర మీద పాకే పట్టీ: గ్రౌండ్ లూప్‌పై అపోహలు, వాస్తవాలు

హోమ్ థియేటర్‌లో బొమ్మ మీద అడ్డంగా ఒక లేత నీడ పట్టీ పైకో కిందికో మెల్లగా పాకుతోంది, స్పీకర్లలో సన్నగా రొద వినిపిస్తోంది అంటే చాలాసార్లు అది గ్రౌండ్ లూప్ పనే. రెండు పరికరాలకు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ అంది, ఆ రెండింటినీ ఒక సిగ్నల్ కేబులు కూడా కలిపినప్పుడు ఏర్పడే వలయం ఇది. నేలంతా ఒకటే కాబట్టి ఎర్త్ అంతా ఒకటే అనుకోవడంతోనే అపోహలు మొదలవుతాయి. ఇంటి ఎర్త్ గొయ్యికీ, వీధి స్తంభం మీద కేబుల్ ఆపరేటరు పెట్టిన యాంప్లిఫయరు ఎర్త్‌కీ మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉండటం మామూలే. ఆ తేడా వల్ల కేబులు లోపలి తీగ చుట్టూ ఉండే అల్లిక తొడుగులో, అంటే షీల్డులో, 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది.

ఆ కరెంటు చిన్నదే అయినా బొమ్మను చెడగొట్టగలదు. షీల్డు నిరోధం ఓములో పదో వంతు, అందులో పారే కరెంటు 300 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రెండు కొసల మధ్య 30 మిల్లీవోల్టులు తేలుతాయి. పాత అనలాగ్ కేబులు పసుపు పిన్ను మోసుకెళ్లే వీడియో సిగ్నలు మొత్తం 1 వోల్టు, అందులో బొమ్మ వాటా 0.7 వోల్టు. ఆ 30 మిల్లీవోల్టులు బొమ్మలో నాలుగు శాతం పైమాటే. చీకటి సన్నివేశాల్లో కంటికి ఆనడానికి అంత చాలు.

ఇలాంటి పట్టీ కనబడగానే ‘ప్యానెల్ పోయింది’ అని తేల్చేసేవారు ఎక్కువ. పోయిన ప్యానెల్ గీత పడిన చోటే ఉంటుంది, చాలాసార్లు నిలువుగా ఉంటుంది. గ్రౌండ్ లూప్ పట్టీ కదులుతుంది. మన దేశంలో పాత పద్ధతి వీడియో సెకనుకు 50 సార్లు తెర నింపుతుంది, కరెంటు కూడా 50 హెర్ట్జే. రెండూ అచ్చంగా సమానమైతే పట్టీ ఒకేచోట నిలబడిపోయేది. కానీ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ ఊగుతుంటుంది. అది 49.95 దగ్గర ఉంటే తేడా సెకనుకు 0.05, అంటే పట్టీ తెరను ఒకసారి దాటడానికి 20 సెకన్లు పడుతుంది. గ్రిడ్ 50 దాటిందంటే అదే పట్టీ వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. పొద్దున పైకి, రాత్రి కిందికి పాకుతోందంటే టీవీకి ఏదో పట్టిందని కంగారు పడనక్కర్లేదు. కంప్యూటరు నుంచి వీజీఏ వైరుతో ప్రొజెక్టరుకు 60 హెర్ట్జ్‌లో బొమ్మ పంపితే తేడా 10 హెర్ట్జ్. అప్పుడు పట్టీ పాకదు, పరుగెడుతుంది, మిణుకుమన్నట్టు కనిపిస్తుంది.

తెర మీద ప్రతి చెడునూ గ్రౌండ్ లూప్‌కు అంటగట్టడం కూడా తప్పే. ఏటవాలు గీతల అల్లిక రేడియో తరంగాల చొరబాటు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు తిప్పగానే వచ్చే చుక్కలు ఆ రెగ్యులేటరు రొద. బొమ్మ చతురస్రాలుగా విరిగిపోతే డిజిటల్ సిగ్నలు బలం చాలడం లేదు.

‘మూడో పిన్ను విరిచేస్తే సరి.’ అన్ని అపోహల్లోకీ ప్రమాదకరమైనది ఇదే. ఇందులో సగం నిజం ఉండటమే చిక్కు: సబ్‌వూఫరు ప్లగ్గులో ఎర్త్ తీసేస్తే లూప్ తెగుతుంది, రొద ఆగుతుంది, చేసినవాడికి మంచి పేరూ వస్తుంది. మన ప్లగ్గుల్లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉండటానికి కారణం ఉంది. సాకెట్టులో అది అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు ఆఖరున వదలాలి. అది లేని పెట్టెలో లోపలి ఫేజు వైరు ఊడి లోహపు ఒంటికి తగిలితే 230 వోల్టులు పైకి వచ్చి కూర్చుంటాయి. సిగ్నల్ కేబులు తగిలించి ఉన్నంతవరకు దాని సన్నని షీల్డే ఎర్త్ వైరు అవతారం ఎత్తుతుంది. దుమ్ము తుడవడానికని ఆ కేబులు పీకిన మనిషికి ఆ పాటి ఆసరా కూడా ఉండదు. లూప్‌ను తెంచాల్సింది సిగ్నల్ దారిలో, ఎర్త్ దారిలో కాదు.

దీనికి తిరగేసిన అపోహ థియేటరు గదికి ప్రత్యేకంగా ఇంకో ఎర్త్ గొయ్యి తవ్వించడం. ఉప్పూ బొగ్గూ ఎంత పోసినా, పాత గొయ్యితో కలపని కొత్త గొయ్యి ఇంకో వేరే ఎర్తే. రెండు వేర్వేరు ఎర్త్‌ల తేడాతోనే పుట్టిన జబ్బుకు మూడోదాన్ని తెచ్చినట్టవుతుంది. పిడుగు దగ్గర్లో పడితే రెండు గోతుల మధ్య తేడా వేల వోల్టులకు చేరి, మధ్యలో ఉన్న పరికరాలను దహించగలదు. గోతులు ఎన్ని ఉన్నా లావుపాటి తీగతో ఒకదానికొకటి కలిసి ఉండాలి.

ఇక దుకాణంలో కొనే మందుల సంగతి. స్టెబిలైజరు వోల్టేజీని సరిచేస్తుంది. ఎర్త్ వైరును ఉన్నదున్నట్టే ముందుకు పంపుతుంది కాబట్టి లూప్ జోలికి పోదు. కేబులుకు తొడిగే ఫెర్రైట్ ముద్ద రేడియో తరంగాలకు అడ్డం గానీ 50 హెర్ట్జ్‌కు కాదు. బంగారు పూత తుప్పును ఆపుతుంది, అంతే. షీల్డు దట్టంగా ఉన్న కేబులు మాత్రం నిరోధం తక్కువ కావడం వల్ల పట్టీని కాస్త పలచన చేస్తుంది.

‘హెచ్‌డీఎంఐ వచ్చాక ఈ గొడవ లేదు’ అనేది సగమే నిజం. హెచ్‌డీఎంఐ బొమ్మను జంట తీగల మధ్య తేడాగా పంపుతుంది. రెండు తీగల్లోనూ సమానంగా చేరిన రొద అవతలి కొసలో కొట్టుకుపోతుంది. అందుకే ఆ బొమ్మలో పట్టీ పుట్టదు. అయితే అదే కేబులు షీల్డు పెట్టెల ఒళ్లను ఒకదానితో ఒకటి కలుపుతుంది. సెట్‌టాప్ బాక్సుకు రెండే పిన్నులు, దానికి ఎర్త్ ఎక్కడిదని అందరూ వదిలేస్తారు. వీధి ఎర్త్ కేబుల్ వైరు తొడుగు మీదుగా దాని ఒంట్లోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా స్పీకర్లను నడిపే రిసీవరుకు, ఆపై మూడు పిన్నుల సబ్‌వూఫరుకు చేరుతుంది. తెర శుభ్రంగానే ఉంటుంది, సబ్‌వూఫరు మాత్రం గుంయ్‌మంటుంది. సీసీ కెమెరాలున్న ఇళ్లలో ఇంకో రకం: కెమెరా లోహపు ఒళ్లు ఇనుప గ్రిల్లుకు తగిలి, దాని అనలాగ్ సిగ్నలులోకి పట్టీ చేరుతుంది. రికార్డరు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ ఉన్నా లాభం లేదు. ముందే కలిసిన మురికిని అది నమ్మకంగా మోసుకొస్తుంది.

పెట్టె ముట్టుకుంటే జివ్వుమనడం, టెస్టరు వెలగడం గ్రౌండ్ లూప్ లక్షణాలు కావు. రెండు పిన్నుల పరికరాల్లో ఫిల్టరు కెపాసిటర్ల గుండా కారే కరెంటు అది, మంచి స్థితిలో ఉన్న పరికరంలో మిల్లీ ఆంపియరుకు లోపే. కాకపోతే హెచ్‌డీఎంఐ పోర్టును కాల్చడానికి అదీ చాలవచ్చు. కేబుళ్లు తగిలించే ముందు ప్లగ్గులు పీకాలనడం అందుకే.

అసలు దోషి ఎవరో పట్టుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. మొదట సెట్‌టాప్ బాక్సు వెనక తిప్పి బిగించిన కేబుల్ వైరు విప్పాలి. ఛానెల్ పోతుంది, కానీ మెనూ కనిపిస్తూనే ఉంటుంది. పట్టీ, రొద ఆగాయంటే దొంగ బయటి నుంచే వచ్చాడు. ఆగకపోతే రిసీవరుకు చేరే కేబుళ్లను ఒక్కొక్కటే తీయాలి.

దొంగ కేబుల్ వైరే అయితే, అది ఇంట్లోకి వచ్చే చోటనే దాని షీల్డును ఇంటి ఎర్త్‌తో కలపడం సిసలైన మందు. అమెరికా వైరింగ్ నియమావళి దీన్ని తప్పనిసరి చేసింది. అద్దె ఇంట్లో అది కుదరకపోతే వైరు మధ్యలో షీల్డు దారిని తెంచే ఒక ఐసోలేటరు బిగిస్తే చాలు. టీవీ నుంచి రిసీవరుకు ఆప్టికల్ వైరు వేస్తే ఆ దారిలో వెళ్లేది వెలుతురే గనుక కరెంటుకు చోటుండదు, కాకపోతే హెచ్‌డీఎంఐ మోయగల శబ్ద రూపాలన్నింటినీ అది మోయలేదు. టీవీ, రిసీవరు, సబ్‌వూఫరు ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే ఇంట్లో పుట్టే లూపులు చిన్నబోతాయి. బోర్డు మోయలేదన్న భయం అనవసరం: 16 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 3680 వాట్లు ఇస్తుంది, మామూలు హోమ్ థియేటరు అందులో సగం కూడా తాగదు.

డిష్ ఉన్న ఇళ్లలో ఒక జాగ్రత్త. డిష్ మీద సిగ్నలు అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల డీసీ ఆ వైరులోనే వెళ్తుంది. కేబుల్ టీవీ కోసం చేసిన ఐసోలేటరు ఆ కరెంటును ఆపేస్తుంది, పట్టీతో పాటు బొమ్మ కూడా పోతుంది. అక్కడ డిష్ వైరు షీల్డును ఇంటి ఎర్త్‌తో కలపడం, రిసీవరు వైపు శబ్దం దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం మేలు.