చింతగింజ పట్టు చూశారా!

మీకు తెలుసా? జగిత్యాల నుంచి గోదారి దాటి నిర్మల్ పోతే, అక్కడి కొయ్యబొమ్మల అతుకుల్లో ఉండేది చింతగింజ! గింజల్ని నానబెట్టి, రుబ్బి, ఉడికించి, అందులో రంపపు పొట్టు కలుపుతారు. తేలికైన పొనికి కర్ర ముక్కల్ని అతికించేదీ ఈ లప్పమే, రంగు వేసే ముందు సందులు పూడ్చి నునుపు చేసేదీ ఇదే. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అష్టాచెమ్మ ఆడి పారేసే గింజ, కొయ్య ఏనుగునే నిలబెట్టింది!

మీకు తెలుసా? చింతగింజ జిగురులో పెద్ద వాటా పిండిపదార్థానిది. ఇక సోయా జిగురులో ప్రొటీన్‌దే రాజ్యం. నూనె తీసేసిన సోయాపిండిలో దాదాపు సగం ప్రొటీనే! 1920లలోనే అమెరికాలోని సియాటిల్‌లో లాక్స్ కంపెనీ దాంతో ప్లైవుడ్ అతికించింది. బలానికి మనం తినేది, బల్లకూ బలమే!

అసలు ప్రొటీన్ ఎలా అంటుకుంటుంది? సిరిసిల్ల నేతన్నకు ఒక్క మాట చాలు. ప్రొటీన్ కండెకు చుట్టిన నూలులా ముడుచుకుని ఉంటుంది. వేడో క్షారమో తగిలితే విచ్చుకుని కొయ్య సందుల్లోకి దూరుతుంది. ఇక లాగి చూడండి!

తడి తగిలితే మాత్రం పాత సోయా జిగురు పట్టు సడలేది. దీనికి మందు ఎవరు చెప్పారో తెలుసా? ఆల్చిప్పలు! అలలెన్ని కొట్టినా రాయిని వదలని సముద్రపు ఆల్చిప్పల్ని చూసి, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త కైచాంగ్ లీకి ఆలోచన తట్టింది. వాటి జిగురూ ప్రొటీనే మరి! సోయా ప్రొటీన్‌కు ఒక రెజిన్ జోడించి తడికి తట్టుకునే జిగురు తయారుచేశారు. 2005లో కొలంబియా ఫారెస్ట్ ప్రొడక్ట్స్ కంపెనీ దాంతో ప్లైవుడ్ అమ్మకానికి పెట్టింది. 2007లో అమెరికా హరిత రసాయన పురస్కారం! ఈ విశేషాలన్నిట్లో నా ఓటు దీనికే. ఎందుకంటే ప్లైవుడ్ జిగుళ్లలో మామూలుగా వాడే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మనం పడుకునే మంచం జిగురు సంగతి ఇది!

మీకు తెలుసా? గింజల ప్రొటీన్ అతికించడమే కాదు, దారమూ అవుతుంది! సాంచెల (మరమగ్గాల) మీద పాలిస్టర్ పరుగులు చూసిన సిరిసిల్లవాళ్లూ పల్లీల దారం చూసి ఉండరు. 1950లలో స్కాట్లండ్‌లోని డంఫ్రీస్‌లో ఐసీఐ కంపెనీ పల్లీల ప్రొటీన్‌తో ‘అర్డిల్’ అనే దారం తీసింది. పల్లీలు నమిలేవాళ్లున్నారు, తొడుక్కున్నవాళ్లూ ఉన్నారు!

మరి కోరుట్ల మక్కలు? వాటిలోని ‘జీన్’ అనే ప్రొటీన్‌ను 1821లోనే విడదీశారు. అది నీళ్లలో కరగదు, అందుకే మందుబిళ్లల పైపూతకూ వాడతారు. మక్కకంకి ఎక్కువ తిని కడుపునొప్పికి మాత్ర వేసుకున్నా, దాని మీదా మక్కే ఉండొచ్చు!