గాయాన్ని తానే మాన్పుకొనే విద్యుత్ తీగ తొడుగు

1999 జూలై 23న అమెరికాలోని కెనడీ అంతరిక్ష కేంద్రం నుంచి కొలంబియా వ్యోమనౌక బయలుదేరిన ఐదు సెకన్లకే షార్ట్ సర్క్యూట్ సంభవించింది. మూడు ప్రధాన ఇంజన్లలో రెండింటికి చెందిన ఒక్కొక్క నియంత్రణ పరికరం పనిచేయకుండా పోయింది. ప్రత్యామ్నాయ పరికరాలు వెంటనే ఆ పని అందుకొన్నందున యాత్ర కొనసాగి, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు కక్ష్యకు చేరింది. కారణం తరువాతి పరిశీలనలో తేలింది. గరుకుదేరిన స్క్రూ తలకు ఒరుసుకొని ఒక తీగపై ఇన్సులేషన్ అరిగిపోయింది. ఆ మాత్రం లోపం వల్ల వ్యోమనౌకలన్నింటినీ నిలిపి తీగలను తనిఖీ చేయవలసి వచ్చింది.

ఒక్కొక్క వ్యోమనౌకలో 300 కిలోమీటర్లకు పైగా తీగలు ఉండేవి. వాటిలో అధిక భాగం చేయి దూరని చోట్ల కట్టలుగా సాగేవి. తనిఖీకై కట్టను కదిలిస్తే పక్క తీగ దెబ్బతినవచ్చు. కాప్టాన్ అనే పాలీఇమైడ్ తొడుగు తేలికైనది, వేడిని తట్టుకొంటుంది. అయితే పగులు వద్ద విద్యుత్ రవ్వ లేచినచో అది బొగ్గుగా మారుతుంది. బొగ్గు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక మంట తీగ వెంబడి పాకుతుంది.

ఈ సమస్యకు కెనడీ కేంద్రం పరిశోధకులు రెండు మార్గాలు అనుసరించారు. మొదటిది, తక్కువ వేడికే కరిగే పాలీఇమైడ్ పొరను దెబ్బతిన్న చోట చుట్టి, వేడిచేసి అతికించడం. దీనికి తీగను మార్చనక్కరలేదు గాని, గాయం ఎక్కడున్నదో ముందు తెలియాలి. రెండవది, తొడుగులోనే సూక్ష్మ గుళికలను అమర్చడం. పగులు ఏర్పడగానే గుళికలు చిట్లి, లోపలి రసాయనాలు కలిసి కొత్త పాలిమర్‌గా గట్టిపడి పగులును పూడుస్తాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ఇటువంటి గుళికలతోనే ప్లాస్టిక్ పగుళ్లను పూడ్చి చూపారు. ఆ గుళికలు మిల్లీమీటరులో ఐదవ వంతు వరకు ఉండేవి. విమానాల సన్నని తీగలపై తొడుగు మందమే సుమారు అంత! గుళికను ఇంకా చిన్నది చేస్తే అందులో పట్టే ద్రవం తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

తీగ దానంతట అదే నయమవుతుందని పత్రికలలో క్లుప్తంగా రాయడం కద్దు. వాస్తవానికి నయమయ్యేది తొడుగులోని సన్నని పగులు మాత్రమే. ఎలుక కొరికి ఊడిన తొడుగును, తెగిన రాగిని గుళికలు బాగుచేయజాలవు. ఒకసారి చిట్లిన గుళిక మరల నిండదు.

అధిక వోల్టేజి కేబుళ్లది వేరొక సమస్య. వాటి ఇన్సులేషన్‌లో చెట్టు కొమ్మల వలె సూక్ష్మమైన చీలికలు వ్యాపిస్తాయి. చైనాలోని సింఘ్వా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన పద్ధతిలో అయస్కాంత స్వభావంగల నానోకణాలు చీలికల వద్దకు చేరి, బయటి నుంచి ప్రయోగించిన అయస్కాంత క్షేత్రంలో వేడెక్కి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కరిగించి చీలికలను మూస్తాయి. ఈ కణాలు గుళికల వలె ఖర్చయిపోవు. అయితే ఆ అయస్కాంత క్షేత్రాన్ని ఎవరో ఒకరు వచ్చి ప్రయోగించవలసినదే.