చెవికి అక్షరాభ్యాసం

*పుస్తకంలో చూస్తే ప్రతి మాటా తెలిసిందే. అదే మాట అవతలివాళ్ల నోటి నుంచి వస్తే ఒక్క ముక్కా అర్థం కాదు. ఇంగ్లిషు నేర్చుకునే మన పిల్లల అసలు కష్టం ఇదే. దీనికి మందు మన తెలుగులోనే ఉంది.*

దివిసీమలోని నాగాయలంకలో పొద్దు వాలే వేళ శ్రీరామ పాదక్షేత్రం ఘాట్ మెట్ల మీద కూర్చుంటే కృష్ణ మీది గాలి హాయిగా తగులుతుంది. చదువైపోయిన కొత్తలో ఆ మెట్ల మీద కూర్చునే నేనొక ఫోను ఇంటర్వ్యూకి జవాబులు చెప్పబోయాను. అవతలి గొంతు అడిగింది: ‘‘వాచ డూయిన్ నౌ?’’ నేను ‘పార్డన్’ అన్నాను. ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ ‘పార్డన్’ అన్నాను. నాలుగోసారికి ‘థాంక్యూ’ చెప్పి ఫోను పెట్టేసింది. ఆమె అడిగింది ‘వాట్ ఆర్ యూ డూయింగ్ నౌ?’ అని నాకు తట్టేసరికి చీకటి పడింది. ఆరో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన ప్రశ్న! నాకు ఆ ఇంగ్లిషు రాకపోలేదు. వినిపించలేదు, అంతే.

బందరులో చెవితోనే మొదలు

ఇంగ్లిషువాళ్ల ఈస్టిండియా కంపెనీ బందరు రేవులో అడుగుపెట్టింది 1611లో. అప్పటికి తెలుగువాడి చేతిలో ఇంగ్లిషు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. రేవుల్లో బేరసారాలు నడిపిన దుబాషీలు పరాయి భాషల్ని చెవితోనే పట్టారు. సి.పి. బ్రౌన్ ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు అచ్చయింది 1854లో. ఈలోగా ఎన్నో పరాయి మాటలు చెవి దారినే మన ఊళ్లలోకి వచ్చేశాయి. హాస్పిటల్ మన నోట ఆస్పత్రి అయిందంటే, దాన్ని ఎవరో స్పెల్లింగు చూడకుండా, విని నేర్చుకున్నారన్నమాట.

తర్వాత బడులొచ్చాయి. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో పెట్టిన బడే నోబుల్ కళాశాలగా ఎదిగింది. బడి చదువు మనకు ఎంతో మేలు చేసింది. కానీ బడితోపాటే ఇంగ్లిషు మనకు కంటి భాషగా స్థిరపడింది. నేటికీ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిషు పేపరంతా రాతే. వినడానికి ఒక్క మార్కూ లేదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం టోఫెల్ పరీక్షను సర్కారు బడులకు తెచ్చినప్పుడు, 3 నుంచి 9 తరగతుల పిల్లలు వినికిడి కూడా ఒక పరీక్షేనని తెలుసుకున్నారు. పథకాలు ప్రభుత్వాలను బట్టి మారుతుంటాయి, అవసరం మాత్రం మారదు. విదేశీ చదువుకు ఐఇఎల్‌టిఎస్ రాసే పిల్లలు సుమారు 30 నిమిషాల ఆడియో విని 40 ప్రశ్నలకు జవాబులివ్వాలి. ఆ ఆడియో వినిపించేది ఒక్కసారే.

‘పోటెక్కినాకెల్లిద్ది’

ఏటిమొగ రేవులో పడవ మనిషిని అడిగి చూడండి.

‘‘పడవెప్పుడెల్లిద్ది బాబాయ్?’’

‘‘పోటెక్కినాకెల్లిద్దిరా.’’

‘పోటు ఎక్కిన తరువాత వెళ్తుంది’ అని పుస్తకంలో తెలుగు నేర్చుకున్న పరాయివాడు ఈ జవాబు వింటే తెల్లమొహం వేస్తాడు. మాట మాటలో కలిసిపోయింది, ‘వె’ కాస్తా ‘ఎ’ అయింది. మనకు మాత్రం చెవిన పడగానే తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కనుక.

ఇంగ్లిషువాడు చేసేదీ ఇదే. మన ఉత్వసంధి, ఇత్వసంధి లాంటివి వాళ్లకూ ఉన్నాయి, పేర్లే వేరు. హల్లుతో ముగిసే మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే రెండూ అతుక్కుంటాయి. ‘నాట్ ఎట్ ఆల్’ కాస్తా ‘నాటెటాల్’ అవుతుంది. ‘పిక్ ఇట్ అప్’ను ‘పికిటప్’ అంటారు. ‘డిడ్ యూ’ అన్నది ‘డిజ్యూ’గా వినిపిస్తుంది. ‘ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్’లో రెండు ‘హ’లూ ఎగిరిపోయి ‘ఐ షుడవ్ టోల్డిమ్’ మిగులుతుంది. మనకు తెలిసిన ఐదు మాటలు చెవికి చేరేసరికి మూడైతే, నిఘంటువులో ఎంత వెతికినా దొరకవు. అక్కడ చేయాల్సింది పదచ్ఛేదం. పద్యం అర్థం చెప్పేముందు తెలుగు మాస్టారు పదాలు విడదీస్తారే, అచ్చం అలాగే.

తాళం తెలిస్తే సగం వచ్చినట్టే

సంధితోపాటు ఇంకో చిక్కుంది, అది లయ. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా కాలం దక్కుతుంది. ఇంగ్లిషులో ముఖ్యమైన మాటల మీదే దెబ్బ పడుతుంది. మధ్యనున్న చిన్న మాటలు నలిగిపోతాయి. కూచిపూడిలో నట్టువనారు తాళం వేస్తుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య రెండక్షరాలైనా నాలుగక్షరాలైనా ఇమడాల్సిందే. ఇంగ్లిషు వాక్యమూ చాలావరకు అలాగే నడుస్తుంది.

రొయ్యల వ్యాపారంలో ఉన్నవారికి ఒక్క ఉదాహరణ చాలు. ఫోనులో అవతలివారు అడిగింది పదిహేను బాక్సులా, యాభయ్యా? చివర ఉన్న ‘న్’ కోసం చెవి రిక్కిస్తే లైను గరగరలో అది దొరకదు. దెబ్బ ఎక్కడ పడిందో చూడాలి. ‘ఫిఫ్టీ’కి తల మీద పడుతుంది. ‘ఫిఫ్టీన్’కి తోక సాగుతుంది. ‘ఐ కెన్ కమ్’లో ‘కెన్’ నలిగి ‘క్న్’ అవుతుంది. రానని చెప్పేటప్పుడు ‘కాంట్’ నిండుగా పలుకుతుంది. అమెరికావాళ్లు దాని చివరి ‘ట్’ను తరచూ మింగేస్తారు కనుక, ‘ట్’ కోసం కాచుకుంటే రానివాడు వచ్చేవాడైపోతాడు.

మనకు కలిసొచ్చేదీ ఒకటుంది. ‘వచ్చాడు’ అని రాస్తాం గానీ, కోస్తావాళ్ల నోట ఆ ‘చ్చా’లో పలికేది ‘బ్యాట్’లోని అచ్చే. ఎన్నో దేశాలవాళ్లు పట్టుకోలేక అవస్థపడే ఆ ధ్వని మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది.

రోజుకు ముప్ఫై సెకన్లు

గంటలకొద్దీ ఇంగ్లిషు సినిమాలు చూసినా చెవి తెరుచుకోవడం లేదంటే, కళ్లు సబ్‌టైటిల్స్ చదివేస్తున్నాయని అర్థం. చెవికి పని చెప్పాలంటే ముప్ఫై సెకన్ల ఆడియో చాలు. దానికి రాతప్రతి ఉండటం ముఖ్యం. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లోని ఆరు నిమిషాల కార్యక్రమాలకు అది ఉంటుంది.

మొదట ఏమీ చూడకుండా రెండుసార్లు వినండి. ఎవరు, ఎవరితో, దేని గురించి మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు. తర్వాత ఒక్కో వాక్యం ఆపి, వినిపించింది వినిపించినట్టు కాగితం మీద రాయండి. తెలుగు లిపిలో రాసినా తప్పులేదు. ‘షుడవ్’ అని రాసుకున్న పిల్లాడు సగం నేర్చుకున్నట్టే. అప్పుడు రాతప్రతి తీసి పోల్చి చూడండి. తప్పిన ప్రతిచోటా ప్రశ్న ఒక్కటే: మాట తెలియక పోయిందా, తెలిసిన మాటే సంధిలో మునిగిపోయిందా? చాలాసార్లు రెండోదే అని తేలుతుంది. చివరగా ఆ గొంతుతోపాటే, అదే లయలో మీరూ పలకండి. నోరు పలికినదాన్ని చెవి సులువుగా గుర్తుపడుతుంది. మర్నాడు కాగితం లేకుండా మళ్లీ వినండి. వేగం మరీ ఎక్కువనిపిస్తే యూట్యూబులో ముప్పావు వేగానికి తగ్గించుకోవచ్చు. కానీ అక్కడే ఉండిపోకూడదు. బయట ఎవరూ ఆ వేగంతో మాట్లాడరు, మనం పట్టుకోవాల్సింది మామూలు వేగంలో వచ్చే సంధినే.

ప్రతి మాటా అందాలన్న ఆరాటమూ వదలాలి. ఈ పాఠం దివిసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన తరం రేడియోలో తుపాను కబురు ఎలా వింటుందో గమనించండి. వాయుగుండం గురించి ఎంత చెప్పినా వాళ్ల చెవి కాచుకునేది రెండు మూడు ముక్కల కోసమే: బందరు రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక, గాలి ఎటు, తీరం దాటేదెప్పుడు. అవి అందితే వేటకు పోవాలో వద్దో తేలిపోతుంది. ఏం కావాలో ముందే తెలిసిన చెవికి కావలసింది దొరుకుతుంది. క్రికెట్ వ్యాఖ్యానం ఇంగ్లిషులో వినమని పిల్లలకు చెప్పేదీ అందుకే. ఆట కళ్ల ముందుంటుంది, మాట దానంతటదే అర్థంతో జతపడుతుంది.

మాస్టార్లకు ఒక మనవి

పండితుణ్ని మనవాళ్లు బహుశ్రుతుడన్నారు. అంటే ఎన్నో విన్నవాడు. హరికథలు, బుర్రకథలు వింటూనే అక్షరం రాని అమ్మమ్మలు పురాణాలన్నీ ఆకళించుకున్న గడ్డ ఇది. చెవితో చదువుకోవడం మనకు కొత్తేమీ కాదు, మరిచిపోయామంతే.

దివిసీమ బడుల్లో ఇంగ్లిషు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు మనవి. దీనికి ల్యాబులు అక్కర్లేదు, మీ చేతిలోని ఫోను చాలు. రోజూ పీరియడు మొదట్లో ఐదు నిమిషాలు పిల్లల చేత పుస్తకాలు మూయించి, ఒక చిన్న ఆడియో వినిపించండి. విన్నది విన్నట్టు రాయమనండి. తప్పులకు మార్కులు వేయకండి, ఎక్కడ సంధి కలిసిందో బోర్డు మీద విడదీసి చూపండి. రేపు ఇక్కడి నుంచి ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లకు ఎవరైనా ‘వాచ డూయిన్ నౌ?’ అంటే, ఆ పిల్ల ‘పార్డన్’ అనకుండా జవాబు చెప్పాలి.