తీగ వంగితేనే గమకం!

ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ చిన్న పిడిని నొక్కితే... స్వరం ఊయలలా ఊగుతుంది. ఆ కిటుకు తీగల చివర బిగించే వైబ్రాటో టెయిల్‌పీస్‌ది. బిగ్స్‌బీ రకంలో పిడి నొక్కగానే ఇరుసు తిరిగి తీగలు వదులై శ్రుతి దిగుతుంది. వదిలేస్తే స్ప్రింగు మళ్లీ పైకి తెస్తుంది.

కానీ తీగలన్నీ ఒకేసారి ఊగుతాయి. కర్ణాటక సంగీతంలో గమకానికి కావాల్సింది ఒక్క తీగే! మాండొలిన్‌కేమో జంట తీగలు. రెండింటినీ సమంగా లాగడం కష్టం. పాలకొల్లులో 1969లో పుట్టిన యు.శ్రీనివాస్ జంటల్ని తీసేసి ఒంటి తీగలు వేశారు. అయిదోది చేర్చారు. ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. గమకాలు పలికాయి! పాశ్చాత్య వాద్యమని పెదవి విరిచినవాళ్లూ తలలూపారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన కన్నుమూసినా, కచేరీ వేదికపై మాండొలిన్‌కి చోటు మిగిలింది.