హ్యాండిల్‌బార్ మార్చా.. ఫోన్ కెమెరా పోయింది!

మాది మెండోర. పని మీద ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ వెళ్లొస్తుంటా. బండి పాత సింగిల్ సిలిండర్. లుక్ కోసమని ఆన్‌లైన్‌లో వెడల్పాటి అల్యూమినియం హ్యాండిల్‌బార్ కొని బిగించా. ఫోటోల్లో అదిరిపోయింది. కానీ ఆర్మూర్ చేరేసరికి వేళ్లు తిమ్మిరెక్కేవి, టీ గ్లాసు పట్టుకున్నా చెయ్యి జివ్వుమనేది. అసలు షాక్ నెల తర్వాత తగిలింది. మ్యాప్స్ కోసం బార్‌కు తగిలించే ఫోన్‌లో కెమెరా ఓపెన్ చేస్తే సీన్ మొత్తం వణుకుతోంది. ఫోకస్ అవ్వట్లేదు.

ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్స్ గట్టిగా బిగించి ఉండదు. చిన్న అయస్కాంతాల బలంతో అటూ ఇటూ కదులుతూ చేతి వణుకును సరిచేస్తుంది. బండి వైబ్రేషన్ ఆ భాగాన్ని పాడు చేయొచ్చు. యాపిల్ 2021 సెప్టెంబర్‌లోనే ఐఫోన్‌ను పవర్‌ఫుల్ బైక్‌లకు తగిలించొద్దని, స్కూటర్, మోపెడ్ లాంటి వాటికైనా వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడమని చెప్పింది. నేను అది చదివింది కెమెరా పోయాక!

సరే, తప్పెక్కడ? పాత బార్ రెండు చివర్లలో స్టీల్ బరువులు ఉండేవి. అవి షో కోసమని అనుకున్నా. కొత్త బార్ లోపలి సైజు వేరు, అవి పట్టలేదు, పక్కన పడేశా. బార్‌కు తనదైన ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఇంజిన్ వణుకు దానితో కలిస్తే బార్ మోత మోగినట్టే. చివర్లో బరువు పెడితే ఆ ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది, మనం ఎక్కువగా నడిపే స్పీడ్‌కు దూరంగా జరుగుతుంది.

కెమెరా ఎలాగూ పోయింది కదా అని అదే ఫోన్‌ను టేపుతో బార్‌కు చుట్టి, ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ చూశా. లెక్క సింపుల్: 4500 ఆర్‌పీఎంను 60తో భాగిస్తే 75 హెర్ట్జ్. గ్రాఫ్‌లో పెద్ద ముల్లు సరిగ్గా అక్కడే లేచింది. ఒక్క జాగ్రత్త. సెన్సర్ సెకనుకు 200 సార్లు చదివితే 100 హెర్ట్జ్ వరకే నమ్మాలి, అంటే 6000 ఆర్‌పీఎం. 100 సార్లే చదివితే ఈ 75 హెర్ట్జ్ ముల్లు 25 దగ్గర దొంగగా కనిపిస్తుంది.

ఊళ్లో మెకానిక్ అన్న దగ్గరికి వెళ్తే ముందు బరువుల సంగతి వదిలేసి స్విచ్ బాక్స్ ఊపి చూసిండు. “తమ్మీ, దీని పిన్ను ఎవడు కోసిండు? హ్యాండిల్ తిప్పితే బాక్సే తిరుగుతది గదా!” అన్నడు. కోసింది నేనే. 22 మిల్లీమీటర్ల బార్ అయితే సరిపోతుందనుకున్నా కానీ, స్విచ్ బాక్స్ లోపలి పిన్ను కూర్చోవడానికి బార్‌కు రంధ్రం వేయాలని తెలియదు. స్విచ్ బాక్స్ కొత్తది కొని, డ్రిల్ చేసి బిగించాం. తర్వాత ఇంజిన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించిండు. ఎడమకు తిప్పితే రేసు దానంతటదే పెరిగింది! యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందన్నమాట. యూ టర్న్‌లో అలా జరిగితే? నెల రోజులు హైవే మీద అలాగే తిరిగా. కేబుల్ దారి మార్చాక ఆగింది.

కొత్త బార్ సైజుకు సరిపోయే బరువులు వేశాక 75 దగ్గరి ముల్లు సగం కంటే తగ్గింది. పూర్తిగా పోయిందా? లేదు, తక్కువ స్పీడ్‌లో కొంచెం కొత్త వణుకు వచ్చింది. అక్కడ నేను ఎక్కువసేపు ఉండను కాబట్టి ఓకే. లావుపాటి ఫోమ్ గ్రిప్‌లు మాత్రం నాకు నచ్చలేదు. మెత్తగానే ఉన్నాయి, కానీ పట్టు కోసం ఇంకా గట్టిగా పిసకాల్సి వచ్చి మణికట్టు నొప్పి పుట్టింది. తీసేశా.

ఇప్పుడు కొత్త ఫోన్ జేబులోనే. దారి చూడాలంటే పక్కకు ఆపుతా. పాత ఫోన్ టూల్ బాక్స్‌లో ఉంది, ఫ్రెండ్స్ బండ్లకు వైబ్రేషన్ మీటర్‌గా డ్యూటీ చేస్తోంది.